అన్నీ తెలిసినవారికి

అయ్యా, హోసూరులో ఉద్యోగ ప్రకటనలు రాసే మిమ్మల్ని పొగడాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. మీ పేరు నాకు తెలియదు. సిప్కాట్ పారిశ్రామికవాడలో ఏ ఫ్యాక్టరీ హెచ్ఆర్ గదిలో కూర్చుంటారో, బస్టాండు దగ్గర మేడ మీద కన్సల్టెన్సీ బోర్డు కింద కూర్చుంటారో, కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తుంటారో చెప్పలేను. మీ రాత మాత్రం బాగా ఎరుగుదును. బాగలూరు రోడ్డులో కరెంటు స్తంభాల మీద అదే, టీ అంగళ్ళ గోడల మీద అదే, పొద్దున లేస్తూనే వాట్సాప్‌లో అదే. బేరికె నుంచి, వేపనపల్లి నుంచి, సరిహద్దు అవతల కుప్పం నుంచి వచ్చే పిల్లలు ఫోన్లు చూపించి "ఇది ఏమి కంపెనీ నా, పోవచ్చునా?" అని అడుగుతుంటారు. అందువల్ల మీ రచనలు చాలానే చదివాను.

మొదట పొగడవలసింది మీకున్న తెలివిడిని. మీ అంత తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఫ్యాక్టరీ లైనులో ఎన్ని సెకండ్లకు ఒక బండి ముందుకు కదులుతుందో మీకు తెలుసు. పనివాడు షిఫ్టంతా నిలబడే ఉండాలని తెలుసు. రెండో షిఫ్టు రాత్రి ఎన్నింటికి వదులుతుందో, ఆ వేళప్పుడు కెలమంగలం వైపు కంపెనీ బస్సు ఎక్కడి దాకా పోతుందో తెలుసు. ఎన్ని నెలలకు మనిషిని మారుస్తారో, ఎంతమందిలో ఒకరిని పర్మనెంట్ చేస్తారో, క్యాంటీనుకు నెలకు ఎంత పట్టుకుంటారో, ఒక మనిషిని గేటు లోపలికి పంపినందుకు ఏజెన్సీకి ఎంత ముడుతుందో అన్నీ మీకు నోటి లెక్క. మీ ప్రకటన చూసి బస్సెక్కేవాడికి ఇందులో ఒక్కటీ తెలియదు. ఇంత తెలిసినవారు ఏమీ తెలియనివాణ్ణి పిలవడానికి అరచేయంత కాగితంతో సరిపెట్టడం సామాన్యమైన నేర్పు కాదు. తెలియక తప్పు రాసేవాళ్ళుంటే నాలుగు మాటలు నేర్పి వదిలేయవచ్చు. మీకు నేర్పవలసింది ఏమీ లేదు. ఈ స్తుతి అందుకే మీకు దక్కింది.

మీ ప్రకటనల్లో తరచూ కనిపించే మాటలన్నీ ఒకచోట చేరిస్తే ఇలా వస్తుంది: ప్రముఖ కంపెనీకి ఆడ, మగ పనివాళ్ళు కావాలి. వయసు 18 నుంచి 28. పదో తరగతి, ప్లస్ టూ, ఐటీఐ, డిప్లొమా, ఏదైనా డిగ్రీ. జీతం 15,000 నుంచి 22,000. ఎనిమిది గంటలు + ఓటీ. తిండి, రూము, బస్సు ఉచితం. ఈరోజే ఇంటర్వ్యూ, రేపే చేరిక. ఒరిజినల్ సర్టిఫికెట్లతో రండి. కింద ఒక సెల్ నంబరు.

ఇన్ని మాటల్లో పని ఏమిటో ఎక్కడా లేదు. పనివాళ్ళు కావాలన్నారు గానీ, ఆ పని బోల్టులు బిగించడమా, పెయింటు బూత్‌లో ముసుగు వేసుకుని నిలబడటమా, అద్దం కింద సన్న తీగలు అతకడమా, గోడౌనులో పెట్టెలు మోయడమా అన్నది ఫోను చేసినా తెలియదు. బేరికె దగ్గర నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన ఒక తల్లి నా ఎదుటే ఆ నంబరుకు ఫోన్ చేసింది. పెట్టేసి నాతో అన్నది: "ఏమి పని అంటే వచ్చి చూడండి అంటాడు నా. ఎంత ఇస్తారు అంటే చేరినంక తెలుస్తుంది అంటాడు. పిల్లని ఏమని పంపేది?" పదో తరగతివాణ్ణీ డిగ్రీవాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టిన మీ సమదృష్టి ఎంత గొప్పదో అలాంటి రోజునే కనిపిస్తుంది. డిప్లొమా కుర్రవాడు మెషిన్ మీద కూర్చోబెడతారనుకుని వచ్చి, చదువుతో నిమిత్తం లేని పనిలో చిక్కుకుంటాడు. పదో తరగతి పిల్లవాడు ఐటీఐ ఉన్నవాళ్ళే కావాలని గేటు దగ్గర తెలుసుకుని తిరుగుబస్సెక్కుతాడు. ఇద్దరి చార్జీలూ ఇద్దరి జేబుల్లోంచే పోయాయి. మీ గుంపు మాత్రం నిండింది. వంద మందిలోంచి ఇరవై మందిని ఏరుకోవాలనుకున్నవారికి ఆ ఎనభై మంది రోజుకూలి లెక్కలోకి రాదు.

జీతం దగ్గర మీ గణితాన్ని తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. మీరు అబద్ధం రాయరు. రాసిన అంకె ఎక్కడో ఒక కాగితంలో నిజంగా ఉంటుంది. లెక్క కట్టి చూద్దాం. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ పూర్తిగా వర్తించే 15,000 నెల జీతం తీసుకుందాం. కంపెనీ తన వంతుగా పన్నెండు శాతం పీఎఫ్ అంటే 1,800, మూడుంపావు శాతం ఈఎస్ఐ అంటే 488 కడుతుంది. ఆ రెండూ కలిపితే కంపెనీకి అయ్యే ఖర్చు 17,288. మీ భాషలో అది సీటీసీ. ఇక పనివాడి జీతంలోంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113 పోతాయి. చేతికొచ్చేది 13,087. మీరు గోడ మీద రాసేది ఆ సీటీసీ అంకె, ఇంట్లో బియ్యానికీ అద్దెకూ అక్కరకొచ్చేది ఈ రెండోది. మధ్యన ఉన్నది 4,201 రూపాయలు. అది పోయిన సొమ్మేమీ కాదు. పీఎఫ్, పింఛను నిధుల్లో ఉంటుంది, జబ్బు చేస్తే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంటుంది. ఆ రెండింటి మీదా నాకు గౌరవం ఉంది. ఆ మాటే ప్రకటనలో రాసి ఉంటే మీ మీద కూడా గౌరవం పెరిగేది. కొత్తగా చేరిన పిల్లవాడు ఒకటో తారీఖు ఫోనులో బ్యాంకు మెసేజి చూసి, తనను ఎవరో మోసం చేశారనుకుని, పీఎఫ్ అన్న మాట మీదే కోపం పెంచుకుంటాడు. అతనికి జీవితాంతం మేలు చేసే ఏర్పాటును మొదటి నెలలోనే అతని కంటికి దొంగగా చూపించడం మీ కలానికే చెల్లింది.

22,000 అన్న పై అంకె దగ్గర ఇంకొంత నేర్పుంది. అది ఓటీ కలిపిన అంకె. ఎన్ని గంటల ఓటీ కలిపారో రాయరు. ఓటీకి రెండింతల వేతనం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. దాని చోట వచ్చిన ఇప్పటి కార్మిక కోడ్ కూడా అదే చెబుతోంది. ఆ రెండింతల మాట ఏ గోడ మీదా నా కంటబడలేదు. "ఎనిమిది గంటలు + ఓటీ" అన్నప్పుడు ఆ కూడిక గుర్తు వెనక ఎన్ని గంటలున్నాయో మీకే ఎరుక. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభలో పనిదినాన్ని పన్నెండు గంటల దాకా సాగదీసుకునేందుకు వీలిచ్చే సవరణ బిల్లు గట్టెక్కింది. కార్మిక సంఘాలన్నీ లేచాయి, మిత్రపక్షాలూ లేచాయి, మే 1న ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకుంటున్నామన్నారు. శాసనసభే పది రోజులు మోయలేకపోయిన బరువును ఒక చిన్న గుర్తు మీద పెట్టి మీరు ఏళ్ళ తరబడి మోస్తున్నారు.

ఇక పేరు సంగతి. ప్రముఖ కంపెనీ అంటారు, లేదా ఆ పెద్ద కంపెనీ పేరే లావు అక్షరాల్లో వేస్తారు. ఈ నేలకు పెద్ద పేర్లకు కొదవ లేదు. 1970లలో సిప్కాట్ వచ్చింది. 1980లో అశోక్ లేలాండ్ లారీలూ టీవీఎస్ మోపెడ్లూ ఇక్కడి నుంచే బయటికొచ్చాయి. తర్వాత టైటన్ గడియారాలు, ఇటీవల ఏథర్ స్కూటర్లు, టాటా ఎలక్ట్రానిక్స్ ఫోను భాగాలు, పోచంపల్లి దగ్గర ఓలా. ఆ పేరు చూసి ఊళ్ళో తల్లిదండ్రులు అరుగు మీద పదిమందికీ చెప్పుకుంటారు, పెళ్ళి సంబంధాల్లో కూడా చెబుతారు. మొదటి నెల జీతం చీటీ మీద మాత్రం వాళ్ళెన్నడూ వినని ఇంకో పేరుంటుంది. అది కాంట్రాక్టరు పేరు. అలా పెట్టుకోవడానికి చట్టం దారి ఇచ్చింది, కాదనను. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమూ, దాని చోట వచ్చిన కోడూ ఇంకొక రక్షణ కూడా ఇచ్చాయి: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టి తీరాలి. ఆ హక్కు వాడుకోవాలంటే తన కాంట్రాక్టరు ఎవరో, అసలు యజమాని ఎవరో పనివాడికి తెలిసి ఉండాలి. ఆకర్షించే పేరు ముందు చెప్పి, జీతం ఇచ్చే పేరు చివర దాకా చెప్పకుండా నడిపించగల ఓర్పు మీది.

అప్రెంటిస్ విషయంలో మీ చాతుర్యం మరీ సూక్ష్మం. 1961 చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడు కాడు. అతనికి వచ్చేది స్టైపెండ్. 2019 నిబంధనలు దాని కనీస మొత్తాన్ని చదువును బట్టి 5,000 నుంచి 9,000 దాకా పెట్టాయి. పని నేర్చుకోవడానికి అది మంచి దారే. నిజంగా నేర్పే చోట్లలో చేరి బాగుపడ్డ పిల్లలను ఎరుగుదును. "ఉద్యోగావకాశం" అన్న శీర్షిక కింద మీరు దాన్ని కలిపేశాక, ఏడాది గడిచి శిక్షణ ముగిసిందన్న కాగితం చేతికొచ్చినప్పుడు గానీ తను ఉద్యోగంలోనే లేనని అతనికి తెలియదు. ఆ ఏడాది వేరే ఎక్కడ వెతుక్కునేవాడో, పాలిటెక్నిక్‌లో చేరేవాడో ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆడపిల్లల ప్రకటనల్లో మీకు తోడుగా పెద్దవాళ్ళే ఉన్నారు. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం బయటపెట్టింది. శ్రీపెరంబుదూరు దగ్గర ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పెళ్ళైన ఆడవాళ్ళను అసెంబ్లీ పనులకు తీసుకోవడం లేదని అందులో ఉంది. అలాంటి వివక్ష లేదని కంపెనీ అన్నది. 1976 నాటి సమాన వేతనాల చట్టాన్ని ఎత్తిచూపి కేంద్ర కార్మిక శాఖ రాష్ట్ర ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. కొన్ని నెలలకు రాయిటర్స్ ఇంకో వార్త రాసింది: వయసు, ఆడా మగా, పెళ్ళి ముచ్చట ప్రకటనల్లోంచి తీసేయమని ఫాక్స్‌కాన్ తన ఏజెంట్లకు చెప్పిందట. గోడ మీది మాట పోయింది. గేటు దగ్గరి అలవాటు పోయిందో లేదో ప్రకటన చూసి ఎవరు చెప్పగలరు? మన కృష్ణగిరి జిల్లాలో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఓలా 2021లో తన ఫ్యాక్టరీని పూర్తిగా ఆడవాళ్ళే నడుపుతారని, పదివేల మందికి చోటుందని ప్రకటించింది. జార్ఖండ్‌లోని రాంచీ, హజారీబాగ్ చుట్టుపక్కల నుంచి ఆరువేల మంది గిరిజన యువతులకు హోసూరులోని ఐఫోన్ల ఫ్యాక్టరీ పనికి శిక్షణ ఇచ్చారని 2022 నవంబరులో కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. ఇంత దూరం నుంచి వచ్చే పిల్లకు మీరు రాసిన కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదు. బేరికె తల్లి కనీసం గేటు దాకా వచ్చి వాచ్‌మన్‌ను అడగగలిగింది. జార్ఖండ్ తల్లి ఎవరిని అడగాలి?

"రూము ఉచితం" అన్నచోట గదికి ఎంతమంది అన్నది ఉండదు. "ఒరిజినల్ సర్టిఫికెట్లు" అన్నచోట చూసి ఇస్తారా, దగ్గర పెట్టుకుంటారా అన్నది ఉండదు. కాగితాలు బీరువాలో చిక్కుకుపోయి వేరే పనికి పోలేక కూర్చున్న కుర్రవాణ్ణి నేను చూశాను. దీని మీద ఎక్కువ రాయడానికి మనసొప్పడం లేదు.

మీకు ఎవరూ దారి చూపలేదని అనుకుందామంటే అదీ కుదరదు. 1959లోనే పార్లమెంటు ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలన్న చట్టం చేసింది. ఇరవై అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న ప్రైవేటు సంస్థలకు కూడా వర్తింపజేశారు. మరుసటి ఏడు వచ్చిన నిబంధనల్లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి ఏమేమి రాయాలో వరసగా ఉంది: పని పేరు, చేయవలసిన విధులు, తప్పక ఉండవలసిన అర్హతలు వేరుగా, ఉంటే మంచివి వేరుగా, ఎన్ని ఖాళీలు, శాశ్వతమా తాత్కాలికమా, జీతభత్యాలు, పనిచేసే చోటు. అరవై ఏళ్ళ కిందట ఢిల్లీలో ఎవరో గుమాస్తా కూర్చుని రాసిన ఆ ఫారంలో, ఉద్యోగం వెతుక్కునేవాడు అడిగే ప్రశ్నలన్నింటికీ గడి ఉంది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ కూడా ఖాళీలు తెలియజేసే బాధ్యతను కెరీర్ సెంటర్ల పేరుతో నిలబెట్టింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. సంతోషమే. పత్రం చేతికొచ్చేది చేరినప్పుడు. అప్పటికి మనిషి ఇల్లు వదిలాడు, పాత పని మానేశాడు, రూముకు అడ్వాన్సు కట్టాడు. పత్రంలో ఏముందో చదివి వద్దనగల స్తోమత ఆ వేళకు ఎంతమందికి మిగులుతుంది? నిజం చెప్పవలసిన వేళ ప్రకటన వేళే. ఆ వేళ మీ చేతిలోనే ఉంది.

మీరు తలచుకుంటే ఎంత బాగా రాయగలరో నాకు అనుమానం లేదు. మచ్చుకు నేనే ఒకటి రాసి చూపిస్తాను, లోపాలుంటే మీరు దిద్దండి. "స్కూటర్ ఇంజను అసెంబ్లీ లైనులో పని. షిఫ్టంతా నిలబడి, గాలితో నడిచే గన్‌తో బోల్టులు బిగించాలి. ఐటీఐ ఫిట్టర్ ఉండాలి. అనుభవం అక్కర్లేదు, మూడు వారాలు నేర్పిస్తాం, ఆ రోజులకూ జీతం ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. మూడు షిఫ్టులు వారం వారం మారతాయి, రాత్రి షిఫ్టు తప్పదు. జీతం 15,000. పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి 13,087. ఓటీ ఇష్టమైతేనే, గంటకు రెండింతలు. క్యాంటీనులో ఒక పూట భోజనం ఉచితం, రెండోదానికి డబ్బు కట్టాలి. బస్సు హోసూరు, కెలమంగలం, డెంకణికోట నుంచి ఉంది, బాగలూరు వైపు లేదు. జీతం ఇచ్చేది ఫలానా కాంట్రాక్టరు, పని ఫలానా ఫ్యాక్టరీలో. పదకొండు నెలల కాంట్రాక్టు. పర్మనెంట్ చేస్తామన్న మాట ఇవ్వడం లేదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ రావచ్చు, పెళ్ళి గురించి అడగం. సర్టిఫికెట్లు చూసి అప్పుడే తిరిగి ఇస్తాం. ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు." ఇది ఇంకో అరచేయంత కాగితం. తమిళంలోనూ రాయండి, పక్కన తెలుగులోనూ కన్నడలోనూ రాయండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే ఊరు ఇది.

ఇలా రాస్తే ఎవరూ రారని మీరంటారు. ఆ మాట నేను తేలిగ్గా కొట్టిపారేయను. రాత్రి షిఫ్టు ఉందని తెలిస్తే కొందరు రారు. పదకొండు నెలలే అంటే ఇంకొందరు వెనకాడతారు. రాకుండా ఆగిపోయేవాళ్ళు ఎలాగూ మీ దగ్గర నిలిచేవాళ్ళు కారు. వాళ్ళే చేరి రెండు వారాలకు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, నేర్పిన సూపర్‌వైజరు శ్రమా పోతుంది, లైనూ దెబ్బతింటుంది, మీరు మళ్ళీ గోడ మీదికి రావాలి. మీ ప్రకటనలు ఏడాదంతా చెక్కుచెదరకుండా అవే స్తంభాల మీద ఉండటానికి కారణం అదేనని నా నమ్మకం. ఇదే ఊళ్ళో 1980లలో టైటన్ కంపెనీ గడియారం విప్పి ఎరగని ప్లస్ టూ పిల్లలను పల్లెల నుంచి తీసుకుని, పని నేర్పి, ఆ చేతులతోనే దేశమంతటికీ గడియారాలు చేయించింది. అనుభవం లేనివాళ్ళకు పని ఏమిటో చెప్పి తీసుకోవడం, నేర్పి నిలబెట్టుకోవడం హోసూరుకు కొత్త విద్య కాదు.

పైవాళ్ళు అంత కాగితం ఒప్పుకోరని కూడా అంటారు. నిజమే కావచ్చు, మీ ఉద్యోగం మీకూ ఉంది. మీ ఉద్యోగానికి ప్రకటన ఎవరు రాశారో, అందులో మీకు ఏం చెప్పలేదో ఒకసారి గుర్తు చేసుకుంటే మనం ఇద్దరం ఒకే పక్షాన ఉన్నామని తెలుస్తుంది. అంతా రాయలేకపోతే మూడు సంగతులు రాయండి: చేతికొచ్చే జీతం ఎంత, ఆ జీతం ఇచ్చేది ఎవరు, పని ఎన్నాళ్ళు. కాగితం మీద చోటు లేదంటే ఫోను ఎత్తినప్పుడు చెప్పండి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ మూడూ అడగమని చెప్పి, జవాబులు రాసుకోవడానికి చిన్న నోటుబుక్కు ఇచ్చి మరీ పంపిస్తున్నాను. పేరు, తేదీ, ఫోను నంబరు పక్కన మీరు చెప్పిన జవాబు కూడా అందులో రాస్తారు.